తోకలో కూర్చున్నవాడు

మా ఆయన విమానం తోకలో కూర్చుని ఉద్యోగం చేశాడంటే గరివిడిలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. ముందు కూర్చుని నడిపేవాడికి వెనకాల ఏం జరుగుతోందో కనపడదు కదా, చూసి చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. పైగా అది మామూలు విమానం కాదు. గాల్లో ఎగురుతూనే యుద్ధ విమానాలకు ఆయిలు పోసే విమానం. దాని వెనక నుంచి పొడుగాటి గొట్టం వదులుతారు. గొట్టం చివర గంపలాంటిది ఉంటుంది. వెనక వచ్చే ఫైటరు తన ముక్కు దగ్గరున్న కడ్డీని ఆ గంపలో దూర్చుకుని, కావలసినంత తాగి వెళ్లిపోతుంది. తోకలో ఉన్న అద్దాల గదిలో వెనక్కి తిరిగి కూర్చుని ఇదంతా చూస్తూ, ముందున్న కెప్టెనుకీ వెనకున్న పైలట్‌కీ మైకులో చెబుతూ ఉండడం మా ఆయన నరసింగరావు పని. ఉత్తరాదిలో ఒక ఎయిర్ బేసులో ఏళ్ల తరబడి ఆ పనే చేసి, రిటైరై, ఇక్కడ ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా కొన్నాళ్లు చేసి, ఇప్పుడు ఇంట్లో కూర్చుని నా వంటకు వంకలు పెడుతున్నాడు.

ఆయనకు ఒక కథ ఉంది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, ఆఖరికి దినకర్మ భోజనాల్లో కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ఆయన చెబుతాడు. ఒకరోజు సముద్రం మీద మబ్బుల్లో ఒక ఫైటరు ఆయిలు కోసం వచ్చింది. గంప గాలికి ఊగిపోతోంది. పైలట్ ఎన్నిసార్లు ప్రయత్నించినా కడ్డీ అందులో పడడం లేదు. తిరిగి వెళ్లి ఒడ్డున దిగేంత ఆయిలు లేదు. ఇంతలో గొట్టం మెలికలు తిరుగుతూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అలాంటప్పుడు తోకలో ఉన్నవాడు మీట నొక్కి గొట్టాన్ని తెంపెయ్యాలి. లేకపోతే అది తిరగబడి మన విమానాన్నే కొడుతుంది. తెంపితే మాత్రం వెనకవాడు సముద్రంలోకే. మా ఆయన మీట మీద చెయ్యి వేసి, నొక్కకుండా ఆగాడు. "తొందర లేదు, నేనిక్కడే ఉన్నాను, నిదానంగా రండి" అని మైకులో చెబుతూ కూర్చున్నాడు. చివరికి కడ్డీ గంపలో పడింది.

ఆయన కథ అక్కడికి అయిపోతుంది. అక్కడి నుంచి నాది. ఆ సాయంత్రం క్వార్టర్సులో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించుకుని రొట్టెలు కాలుస్తున్నాను. మనిషి వచ్చి వంటింట్లో పీట మీద కూలబడ్డాడు. ఒంటి మీద ఓవరాల్ డ్రెస్సంతా కిరసనాయిలు కంపు. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంది, తెరుచుకోవడం లేదు. పొద్దున్నుంచీ మీట మీద పెట్టిన చెయ్యి. కొబ్బరినూనె వెచ్చబెట్టి, ఆ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలూ రాస్తూ రాస్తూ తెరిచాను. రొట్టె ముక్కలు చేసి తినిపించాను. కథలో నిజంగా ఆడవాళ్లకు కళ్లనీళ్లు తెప్పించేది ఈ ముక్కే. గొట్టాలూ గంపలూ ఎవరిక్కావాలి.

పోయిన నెల ఒక ఫోన్ వచ్చింది. విశాఖపట్నం నుంచి, మోహనకృష్ణ గారని, వింగ్ కమాండరుగా రిటైరైన మనిషి. ఆ రోజు వెనక వచ్చిన ఫైటరు నడిపింది ఆయనేనట. తోకలో కూర్చున్న మనిషి కోసం చాలాకాలంగా వాకబు చేస్తుంటే, పాత స్క్వాడ్రన్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో మా ఆయన పేరు చెప్పారట. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వస్తానన్నారు.

ఫోన్ పెట్టేశాక మా ఆయన గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాడు. "పద్మా, ఆ సారు నన్ను సూడ్డానికొస్తాడంట. ఏటనుకున్నావు మరి!" అన్నాడు. నేను ఏమీ అనుకోలేదు గానీ, ఆయన మొహం చూసి నాకూ సంతోషమేసింది. ఊళ్లో సగంమంది ఆయన కథ కోతలనుకుంటారని నాకు తెలుసు. ఇప్పుడు సాక్షాత్తూ పైలటే కారేసుకుని వస్తున్నాడు.

ఆ సాయంత్రమే జాన్ వచ్చాడు. జాన్‌ది చీపురుపల్లి. మా ఆయనా, అతనూ ఒకే బేసులో ఒకే పని చేశారు. మావీ వాళ్లవీ పక్కపక్క క్వార్టర్సు. వాళ్లిద్దరూ బావా బావా అనుకుంటారు. నన్ను అప్పా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఇప్పుడు వాళ్ల ఊరి బాప్టిస్టు చర్చి పనులు చూసుకుంటూ వారానికోసారి మోటారుసైకిలేసుకుని మా ఇంటికొచ్చి టీ తాగి వెళతాడు. మా ఆయన గుమ్మంలోనే విషయం చెప్పేశాడు. జాన్ చెప్పులు విప్పబోతూ ఆగిపోయాడు.

"మోహనకృష్ణ సారా? ఎడమ కనుబొమ్మ మీద గాటుంటాది, ఆ సారేనా?"

"ఆ సారే."

"ఆ సారొచ్చిన రోజు తోకలో ఉన్నది నేను కదా బావా," అన్నాడు జాన్. గొంతు పెంచలేదు. టైమెంతయింది అని అడిగినట్టు అన్నాడు.

మా ఆయన పెద్దగా నవ్వాడు. జాన్ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఒరే, బుర్రుండే మాటాడతన్నావా? ఇన్నేళ్ల బట్టీ నేను సెప్తంటే నోరు మూసుకుని ఎందుకిన్నావు మరి?"

"నువ్వు సెప్పేది నీ రోజు గురించనుకున్నాను. గంప ఊగిన రోజులు నీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. ఆ పైలట్ పేరు నువ్వెప్పుడూ సెప్పలేదు కదేటి. ఈ సారైతే మాత్రం నా రోజే. నీకు బదులు నేనెల్లేను."

"నాకు బదులు నువ్వు కాదు, నీకు బదులు నేను! నీ పెళ్లానికి జొరమొస్తే నేనెల్లేను!"

ఈ బదులు సంగతి చెప్పాలి. లేకపోతే ఎవరికీ అర్థం కాదు. జాన్‌కు ఈస్టరు, క్రిస్మసు, ఇంకా వీలైనన్ని ఆదివారాలు కావాలి. మా ఆయనకు పైడితల్లి పండగా, నాగులచవితీ కావాలి. అందుకని వారంట్ ఆఫీసరు గారిని అడిగి ఒకరి డ్యూటీకి ఒకరు వెళ్లేవారు. పండగలతో మొదలైంది గానీ, తర్వాత జ్వరాలకీ, బంధువులొస్తే స్టేషనుకీ, ఆఖరికి సినిమాకి కూడా బదులే. డ్యూటీ బోర్డు మీద ఎవరి పేరున్నా ఆ రోజు ఎగిరేది ఎవరో మా ఇద్దరిళ్లకే తెలిసేది. ఒక్కోసారి మాకూ తెలిసేది కాదు. ఏ చెయ్యి కడుక్కోవడానికొస్తే ఆ చేతికి అన్నం పెట్టేవాళ్లం. అప్పట్లో అదంతా సరదాగానే ఉండేది.

జాన్ టీ తాగకుండానే వెళ్లిపోయాడు. మా ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "పద్మా, ఆ రోజు నాది కాకపోతే ఇంకేటున్నాది నాకు? మిగిలిందంతా గొట్టం వదలడం, గొట్టం లాక్కోడం. ఆ ఒక్క రోజుకే కదా నేను ఎయిర్‌ఫోర్సుకెల్లింది," అన్నాడు. నాకు జాన్ మీద ఒళ్లు మండిపోయింది. మనిషి దగ్గరున్న ఒకే ఒక్క రోజుని లాక్కుంటాడా? అయినా నాకేం భయం? ఆ పిడికిలి తెరిచింది నేను. నా దగ్గర సాక్ష్యం ఉంది.

మర్నాడు బస్సెక్కి చీపురుపల్లి వెళ్లాను. జాన్ ఇంట్లో లేడు. వాళ్లావిడ కృపారాణి పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే లేచి, "రా వదినా, రా, ఎండన పడొచ్చీసేవు," అని మజ్జిగ ఇచ్చింది. దెబ్బలాడ్డానికి వెళ్లినవాళ్లకు మజ్జిగ ఇస్తే ఎలా? సగం తాగాక అడిగాను.

"కృపా, మీ ఆయనేటి అలాగంటాడు? ఆ పైలట్ సారు రోజున తోకలో ఉన్నది తనేనంట?"

"తనే కదా వదినా," అంది కృప ఆశ్చర్యంగా. "ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో సాక్ష్యం సెప్తాడు కదా. దేవుడు నా సెయ్యి ఆపేడు, ఆ మనిషి బతికేడు అని. సంఘమంతా ఇన్నాదే."

నేను వాళ్ల చర్చికి ఎప్పుడూ వెళ్లలేదు. కృప మా వాళ్ల పెళ్లిళ్లకు వచ్చినా వంటల దగ్గరే ఉండిపోయేది, మగవాళ్ల కబుర్లు గానీ నా కబుర్లు గానీ ఆమె చెవిన పడేవి కాదు. అంటే ఇన్నేళ్లుగా ఒకే రోజుని గరివిడిలో ఒకరు, చీపురుపల్లిలో ఒకరు చెప్పుకుంటూ వస్తున్నారన్నమాట. నేను సాక్ష్యం బయటపెట్టబోయాను. ఈలోగా తనే మొదలుపెట్టింది.

"అయినా నీకు తెలీందేటున్నాది? నేను జొరమొచ్చి మిలటరీ ఆసుపత్రిలో ఉన్నాను. ఆయనకి అన్నం పెట్టింది నువ్వే కదా. సెయ్యి బిగుసుకుపోతే కొబ్బరినూనె రాసి, ఏలు ఏలు తీసింది నువ్వే. మా అప్ప లేకపోతే నా సెయ్యి అలాగే ఉండిపోయేదని ఇప్పటికీ అంటాడు."

మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. కృప నా మొహం చూసి, "ఏటొదినా, కాదేటి?" అంది. గ్లాసు కింద పెట్టేసి, బస్సుకు టైమైందని వచ్చేశాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ సాయంత్రాన్ని మళ్లీ మళ్లీ తవ్వుకున్నాను. కొవ్వొత్తి ఉంది. రొట్టెల పెనం ఉంది. నూనె గిన్నె ఉంది. నా ఒళ్లో చెయ్యి ఉంది. ఆ చెయ్యి బరువు, ఆ కిరసనాయిలు కంపు, గోళ్ల కింద నలుపు, అన్నీ ఉన్నాయి. ఆ చెయ్యి వెంట పైకి వెళ్లి మొహం చూద్దామంటే మా ఆయన మొహమే కనిపిస్తోంది. కనిపిస్తోందా, నేను అతికిస్తున్నానా? కృప జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న మాట నిజం. ఆ వారమంతా ఇద్దరు మగవాళ్లకూ నేనే వండాను. అయితే ఆ పూట రెండోవాడు ఎక్కడున్నాడు? ఎంత ఆలోచించినా ఆ వంటింట్లో రెండోమనిషి నాకు కనిపించలేదు. ఇన్నేళ్లు నేను అందరికీ చెప్పి ఏడిపించింది ఎవరి చెయ్యి గురించి? నాకు నా మీదే కోపం వచ్చింది. ఇంటికొచ్చి మా ఆయనకు ఏమీ చెప్పలేదు. చింతపండు కోసం వెళ్లానన్నాను. చింతపండేదీ అని ఆయన అడగలేదు.

ఆదివారం మోహనకృష్ణ గారు వచ్చారు. తెల్ల జుట్టు, సన్నటి మనిషి, ఎడమ కనుబొమ్మ మీద గాటు. మా ఆయన ఎయిర్‌ఫోర్స్ బ్లేజరు తొడుక్కుని, మెడల్స్ తగిలించుకుని, వీధిలోకి వెళ్లి సెల్యూట్ కొట్టాడు. జాన్‌నీ కృపనీ కూడా రమ్మని మా ఆయనే కబురు పెట్టాడు. సారు ముందే తేల్చేద్దాం రమ్మన్నాడు. వాళ్లు చర్చి నుంచి నేరుగా వచ్చి గోడవార కుర్చీల్లో కూర్చున్నారు. జాన్ తెల్ల చొక్కా వేసుకున్నాడు, మెడల్సేవీ పెట్టుకోలేదు.

"ఇద్దరున్నారేమిటి?" అన్నారు మోహనకృష్ణ గారు నవ్వుతూ.

మా ఆయన దాచుకోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. "సార్, ఆ రోజు తోకలో నేనున్నాను. ఈడు తనంటన్నాడు. ఇద్దరం అబద్దమాడతన్లేదు. అదే వచ్చింది తంటా."

ఆయన ఒకసారి మా ఆయన్నీ, ఒకసారి జాన్‌నీ చూశారు. నవ్వు తగ్గిపోయింది. "సరే, ఒక పని చేద్దాం. గొట్టం కొట్టుకుంటున్నప్పుడు నాకు ఒక మాట వినిపించింది. నేను ఎవరికీ చెప్పలేదది. మీరిద్దరూ చెప్పండి, ఏమన్నారు?"

"తొందర లేదు, నేనిక్కడే ఉన్నాను, నిదానంగా రండి," అన్నారు ఇద్దరూ. ఒకరు మొదలుపెట్టేలోగా ఇంకొకరు అందుకున్నారు. ఎవరు ముందన్నారో కూడా నాకు తెలియలేదు.

మోహనకృష్ణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ మాటే," అన్నారు. "గొంతు వింటే గుర్తుపడతాననుకుని వచ్చాను. నా వల్ల కావడం లేదు. ఇద్దరిదీ అదేలా ఉంది. ఆ మైకుల్లో ఎవరి గొంతైనా ఒకేలా వినపడేది." "నాకు త్వరలో గుండెకు ఆపరేషను ఉంది. దానికి ముందు ఆ చెయ్యి ఒక్కసారి పట్టుకుని వెళదామని వచ్చాను. అంతే."

చెయ్యి అనగానే మా ఆయన నా వైపు తిరిగాడు. "పద్మా, నువ్వు సెప్పు. ఆ రేతిరి నువ్వు ఎవడి సెయ్యి తెరిచేవు?"

కృప తల ఎత్తి నన్ను చూసింది. జాన్ నేల చూస్తున్నాడు. నేను ఏం చెప్పాలి? నాకు తెలియదని చెప్పడమే న్యాయం. నిజంగానే నాకు తెలియదు. కానీ నా ఎదురుగా మా ఆయన బ్లేజరు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. బొత్తాలు పట్టక కిందటి రోజంతా నా చేత సరిచేయించుకున్న బ్లేజరు. ఆ రోజు ఒక్కటీ పోతే ఈ మనిషి రేపు పొద్దున్న ఎలా లేస్తాడు? అలా అనుకునేలోపే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మీదే. ఇంకెవడిది?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

జాన్ తలూపాడు. "అప్ప సెప్పిందంటే అంతే సార్. నేనే ఇంకో రోజుని ఇందులో కలిపీసుంటాను," అన్నాడు. కృప ఏదో అనబోతే మోచేత్తో ఆపాడు. మోహనకృష్ణ గారు లేచి మా ఆయన కుడిచెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నారు. తన నుదుటికి ఆనించుకున్నారు. అంతటి ఆఫీసరు ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన మాత్రం ఏడవలేదు. కళ్లు పెద్దవి చేసుకుని, ఆ చెయ్యి తనది కానట్టు చూస్తూ నిలబడ్డాడు.

టీలు అయ్యాయి. ఆయన కారు కదిలింది. జాన్ కృపను ఎక్కించుకోవడానికి మోటారుసైకిలు వెనక్కి తిప్పుతున్నాడు. మా ఆయన లోపలికొచ్చి వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. నేను గ్లాసులు కడుగుతున్నాను.

"పద్మా," అన్నాడు.

"ఏటి?"

"ఆ సెయ్యి నాదేనన్నావు కదా."

"అన్నాను. మళ్లీ మళ్లీ అడగడమేటి?"

"సారు సెయ్యి పట్టుకున్నప్పుడు ఆ రేతిరి గుర్తొచ్చింది. కొవ్వొత్తి కింద పెట్టుకుని నువ్వు నూనె రాస్తన్నావు. రొట్టె మాడిపోతన్నాదని సెబుదామనుకుని సెప్పలేకపోయేను." ఆగాడు. "కానీ పద్మా, నాకు నీ మొహం కనపడతన్లేదు. నీ ఈపు కనపడతన్నాది. నేను గుమ్మంలో నిలబడున్నాను."

రొట్టె మాడిన సంగతి నాకూ గుర్తుంది. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. "ఏదో కలయ్యుంటాది. అన్నీ కలిపీసుకుంటన్నారు మీరు," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

"ఉండొచ్చు," అన్నాడు. "నాకూ తెలీదు. నువ్వంత గట్టిగా అన్నప్పుడే తెలిసిపోయింది నాకు, నీకూ తెలీదని. నీకు తెలిసిందేదైనా నువ్వలా అరిసి సెప్పవు."

బయట మోటారుసైకిలు స్టార్టయింది. మా ఆయన వీధిలోకి ఒక్క ఉరుకున వెళ్లి, హ్యాండిల్ పట్టుకుని ఆపేశాడు. "దిగరా. ఎక్కడికెల్తావు? దిగు," అన్నాడు. జాన్ ఏమిటి బావా ఏమిటి బావా అంటూనే దిగాడు. మా ఆయన ఒక చేత్తో అతని చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తీశాడు. అతని చెయ్యి వదలకుండానే బొటనవేలితో నంబరు వెతకడం గుమ్మంలోంచి నాకు కనిపిస్తోంది. పెళ్లయినప్పటి నుంచీ ఆయన మీద నాకు ఎన్ని కోపాలున్నాయో, అన్నీ ఆ నిమిషంలో పోయాయి. ఏడుపొచ్చింది.

"సార్, నరసింగరావుని. కారు ఎంతదూరం ఎల్లింది సార్? ఒకసారి ఎనక్కి తిప్పండి. లేదు సార్, ఏటీ మర్సిపోలేదు మీరు. ఇంకో సెయ్యి ఉన్నాది సార్ ఇక్కడ. అది కూడా పట్టుకుని ఎల్లండి."